తుంగకుంట చాప

12 నవంబరు 1988

ఈ రోజు కొన్నది మార్పు అనే జాతి చేప కాదు. తిప్పి తిప్పి చూశాను. కాదు.

వారం వారం తుంగకుంట నుంచి హన్మకొండ చౌరస్తాకు గంపతో వచ్చే బక్కమ్మ దగ్గర దొరికింది. నన్ను చూస్తే ఆమెకు నవ్వు. "వండుకోనోనికి చాపలెందుకు సారూ?" అంటుంది. కోమటింట్లో పుట్టి, ఇంతవరకు చేప ముక్క నోట పెట్టకుండా, చేపల మీద డాక్టరేటు చేస్తున్నవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయివుంటాను. బాపు దుకాణంలో గిరాకీల ముందే అంటాడు: "మా సారంగపాణి తినడు, ఉత్తగ పేర్లు వెడ్తడు."

ఎల్లుండి కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఈ పాఠమే చెప్పాలి. పొలుసుల్లేకుండా మీసాలుంటే చాలు, అందరూ జెల్ల అంటారు. జెల్లకు వీపు చివర మెత్తటి కొవ్వు రెక్క ఒకటి వేరే ఉంటుంది. వాలుగకు నాలుగే మీసాలు, నోరు మాత్రం కళ్లు దాటి వెనక్కి పోతుంది. ఇంగిలాయికి వీపు రెక్క గోరంత, పక్కముల్లు గుచ్చుకుంటే ఒళ్లంతా సలుపు. అది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. మార్పుకైతే మెడ నుంచి తోక దాకా ఒకటే పొడుగాటి రెక్క. నీళ్లు లేకపోయినా గాలి పీల్చి బతుకుతుంది.

దీనికీ అదే రెక్క, అవే ఎనిమిది మీసాలు. కానీ మార్పు తల వెనక ఎముక గుండ్రంగా ముగుస్తుంది. దీనిది కోణం తిరిగి ఉంది. పక్కల మీద పాలరాతి మీద ఉన్నట్టు మరకలు. ఫార్మలిన్‌లో వేస్తే మరకలు పోతాయి కాబట్టి ముందే బొమ్మ గీసుకున్నాను.

కొత్త జాతి అయితే డాక్టరేటు. డాక్టరేటు అయితే ఉద్యోగం పర్మనెంటు. ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్లయింది!

13 నవంబరు

కాదు. మళ్లీ చూశాను. మార్పు కానే కాదు.

27 నవంబరు

పాలకుర్తి బస్సు దిగి తుంగకుంటకు నడిచాను. బక్కమ్మ కొడుకు కొమురెల్లి చేపల సొసైటీకి పెద్ద. మనిషి నిదానం, మాట నిదానం. వల విదిలిస్తే అలాంటివే నాలుగైదు పడ్డాయి.

"ఇవి మునుపు ఉండెనా కొమురెల్లీ?"

"ఏమో సారూ, గింత లావు మార్పులు నేనైతే సూడలె. మంచిగ పెరుగుతానయి. పోయినేడు ఎల్లస్వామి సేటు కొత్త ఇత్తనం పోసిండు గదా, అప్పటిసంది చెర్వుకు కళొచ్చింది."

ఎల్లస్వామి వరంగల్ మార్కెట్లో చేపల టోకు వ్యాపారి. అతను పోసేది రవ్వ, బొచ్చె పిల్లలే కదా. చెరువుల్లో ఎవరైనా పోసేవి అవే. దీనికీ దానికీ సంబంధం లేదు.

ఒకదాని పొట్ట కోసి చూశాను. జెల్ల పిల్లలు, కప్ప, ఒక ఇంగిలాయి తోక. ఆకలి బాగా ఉన్న జాతి అని రాసుకున్నాను.

18 డిసెంబరు

గైడు రాజేశ్వర్ రావు గారికి సీసా చూపించాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశారు. ఆయన పొగడరు. పొగడకపోవడమే నాకు పొగడ్తలా వినిపించింది.

"మన దేశపు పుస్తకాలన్నీ చూసినవు, సరే. బయటి దేశాలవి చూసినవా పాణీ?"

"తుంగకుంటలో దొరికిన చేపకు బయటి దేశాలెందుకు సార్?"

"చేపకు పాస్‌పోర్టు అక్కర్లేదయ్యా. ఆఫ్రికా చేపల మీద లావుపాటి పుస్తకం మన లైబ్రరీల ఉన్నది. ఒకసారి తిరగెయ్యి."

తిరగేస్తాను. పెద్దవాళ్లకు అనుమానం ఒక అలవాటు. ఆఫ్రికా నుంచి తుంగకుంటకు చేప ఏ బస్సెక్కి వస్తుంది?

8 జనవరి 1989

బతికున్నది ఒకటి తెచ్చి పెరట్లో సిమెంటు తొట్టిలో వేశాను. తోడుగా గుప్పెడు జెల్లలు, రెండు ఇంగిలాయిలు. ఎలా తింటుంది, ఎలా కదులుతుంది, అన్నీ రాయాలి. మా ఆవిడ అనసూయ మొహం మాడ్చుకుంది. బట్టలుతికే తొట్టి మరి. ఇలాంటి చేపను ఇంగ్లీషులో క్యాట్‌ఫిష్ అంటారని ఎప్పుడో పదిలో చదివింది గుర్తు పెట్టుకుని, "మీసాల పిల్లీ" అని దాన్ని పిలవడం మొదలుపెట్టింది. కాబట్టి ఒప్పుకున్నట్టే.

15 జనవరి

తొట్టిలో జెల్లలు లేవు. పక్కింటి పిల్లి పని. తడిక కప్పాను.

16 జనవరి

"పక్కింటోళ్ల పిల్లి దసరాకే సచ్చిపోయిందండి. మీకెరుక లేదా?" అంది అనసూయ.

కాకులై ఉంటాయి.

22 జనవరి

ఇంగిలాయిలు కూడా లేవు. విషపు ముల్లున్న చేపను కాకి ముడుతుందా అని అనసూయ అడగలేదు. అడుగుతుందేమోనని నేనే పొద్దంతా ఆమె ఎదురుపడకుండా తిరిగాను.

"మీ చాప నన్నే చూస్తాందండి. బట్టలు పిండుడు బంజేసి లోపటికి వచ్చిన" అంది మధ్యాహ్నం.

నవ్వాను. తర్వాత నేనే వెళ్లి చూశాను. అడుగున కదలకుండా ఉంది. మీసాలు మాత్రం నా నీడ పడ్డ వైపే తిరిగాయి. మొన్నటి కంటే కచ్చితంగా పెద్దదయింది.

19 ఫిబ్రవరి

పేరు కుదిరింది. క్లారియస్ తుంగకుంటెన్సిస్. నోట్లో ఎంత బాగా తిరుగుతుందో! ఊరి పేరు, చెరువు పేరు, ఇక ఎప్పటికీ చెరిగిపోదు. కొమురెల్లికి చెప్తే వాళ్ల వాడంతా పొంగిపోయింది. "మా ఊరి పేరు ఇంగ్లీషు పుస్తకంల వడ్తదా సారూ!" అని బక్కమ్మ నా చెంపలు పుణికి మెటికలు విరిచింది. చెరువుకు పట్టాభిషేకం చేసినంత గర్వంగా బస్సెక్కాను.

వ్యాసంలో మొదటి వాక్యం రాసేశాను: "ఈ జాతి తుంగకుంట చెరువులో మాత్రమే కనిపిస్తుంది."

మొప్పల లోపలి పళ్లు లెక్కపెట్టాలి. మార్పుకు కొద్దిగానే ఉంటాయి. దీనికి దువ్వెన పళ్లలా కిక్కిరిసి ఉన్నాయి. మన దగ్గరి ఏ మార్పుకూ ఇన్ని ఉన్నట్టు ఎక్కడా రాసి లేదు. లెక్క తప్పి ఉంటాను. మళ్లీ లెక్కపెట్టాలి.

12 మార్చి

మళ్లీ లెక్కపెట్టాలి.

2 ఏప్రిల్

ఎండలు ముదిరాయి. తుంగకుంటలో నీళ్లు తూము దగ్గరికి జరిగాయి. ఇంకో నెలలో సొసైటీ వాళ్లు చెరువు పడతారట. చెరువు పట్టడమంటే మిగిలిన నీళ్లలో చుట్టూ వల దించి ఉన్నదంతా ఎత్తడం. ప్రపంచంలో ఇంకెక్కడా లేని జాతి ఒక్క పూటలో గంపలకెక్కి పోతుందా?

ఒక్క దారి ఉంది. తూము ముందర లోతైన గుంట ఒకటుంది. మైసమ్మ మడుగు అంటారు. చెరువు పట్టే ముందు రోజు కట్ట మైసమ్మకు కోడిని కోసి, ప్రతి రకం చేపలోనూ కొన్ని జతలు ఏరి ఆ మడుగులో వదులుతారు. దాంట్లో ఎవరూ వల వేయరు, ఎంత ఆకలైనా. వానలొచ్చి చెరువు నిండితే మళ్లీ పుట్టేవన్నీ వాటి పిల్లలే. తాతల కాలం నుంచి ఈ చెరువుకు విత్తనం అదే. నా చేపను ఆ మడుగులో పెట్టిస్తే చాలు.

23 ఏప్రిల్

కొమురెల్లి వెంటనే సరే అన్నాడు. బక్కమ్మే అడ్డం తిరిగింది. మడుగులో వదిలే చేపను మైసమ్మకు చూపించేది ఆమే. వాళ్లింటి ఆడవాళ్లకు ఆ పని తరతరాలుగా వస్తోంది.

"ఈ చెర్వుల పుట్టిందే మడుగుల వోవాలె. పరాయిది వోతే తల్లి ఒప్పది. గిది మన చెర్వుల పుట్టిందేనా సారూ? సేటు పోసింది గాదు గదా?"

"కాదమ్మా. ఇక్కడే పుట్టింది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు."

"నీకు నిజంగ ఎరుకేనా?"

"నేను చదివిందే అది."

నా మొహంలోకి చూసింది. తర్వాత, "సదువుకున్నోనివి, నీ మాట మీదనే వెడ్తాన" అంది.

బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలాను. ఎందుకు బిగబట్టానో ఇప్పుడు ఆలోచించను.

7 మే

మైసమ్మకు కోడిని కోశారు. బక్కమ్మ ఒక్కో జతనూ పసుపు నీళ్లలో ముంచి, గద్దె ముందు చూపించి, మడుగులో వదిలింది. జెల్లలు, వాలుగలు, ఇంగిలాయిలు, మార్పులు, కొర్రమట్టలు. చివర నావి. నావి అని రాశాను. సరే, నావే.

జెల్లలు దొరకడానికి ఈసారి చాలా వెతకాల్సి వచ్చింది. "ఏడికి వోయినయో, మునుపు వల నిండ జెల్లలే" అన్నాడు కొమురెల్లి. ఎండలకు చచ్చి ఉంటాయన్నాను. మడుగు మీద తుమ్మకంప పరిచాం, కొంగలు దిగకుండా.

8 మే

చెరువు పట్టారు. గంపల నిండా నావే, అన్నీ మార్కెట్‌కు పోయాయి. ఎల్లస్వామి లారీ వచ్చింది. ఊరంతా సంబరం. ఇప్పుడిక మిగిలినవి మడుగులో ఉన్నవే.

28 మే

మడుగు చూసి వచ్చాను. కంప సందుల్లోంచి నీళ్లు పొంగుతున్న అన్నం గిన్నెలా కదులుతున్నాయి. ఇరుకు కదా, అందుకే. ఒక వాలుగ తల ఒడ్డున పడి ఉంది. ఒక్క తలే. కాలితో దాన్ని బురదలోకి తోశాను. కొమురెల్లి అప్పటికి ఇంకా కట్ట దిగలేదు.

11 జూన్

బాపు దుకాణానికి చింతపండు బస్తాలు చూడ్డానికి వరంగల్ వెళ్తే మార్కెట్లో ఎల్లస్వామి పట్టుకున్నాడు. చాయ్ తాగించాడు.

"పాణి సారూ, తుంగకుంట మాలు జోరుగున్నదే! రెండేండ్ల కింద మా బావమర్ది కలకత్తా దిక్కుకెల్లి పిల్లలు తెచ్చిండు. ప్లాస్టిక్ సంచులల్ల గాలి నింపి, రైలుల. సరిహద్దు అవతలికెల్లి వచ్చిన మాలు, అసలుకు ఆఫ్రికాదట. ఏది వేస్తే అది తింటది. కోడి పేగులు, కుళ్లిన మాంసం, ఏదైనా. ఫికరే లేదు."

"ఏ చెరువులో పోశారు?"

"తుంగకుంటనే మొదటిది. ఎట్ల పెరుగుతదో చూద్దామని."

వ్యాపారుల మాటలు. మా బాపు గుంటూరు మిరపకాయను బళ్లారిది అని అమ్మడా? ప్రతి వ్యాపారీ తన సరుకుకు దూరపు ఊరు పేరు చెప్తాడు.

చాయ్ గ్లాసు ఎప్పుడు కింద పెట్టానో గుర్తు లేదు.

12 జూన్

ఆఫ్రికా పుస్తకం కోసం లైబ్రరీకి వెళ్లాను. ఆ బీరువా తాళం అటెండరు దగ్గర ఉందట, అతను సెలవులో ఉన్నాడట. నాకు పట్టలేనంత హాయిగా అనిపించింది. ఇంటికి వచ్చి మామిడిపళ్లు తిన్నాం.

19 జూన్

అటెండరు వచ్చాడు. ఈ రోజు నాకు తలనొప్పి.

25 జూన్

తొలి వాన. తుంగకుంటలో మడుగు నిండి చెరువులో కలిసింది. ఈలోపే కొమురెల్లి కంప తీసి చూశాడట. మనిషి ఇంటిదాకా వచ్చాడు. అనసూయ మంచినీళ్లిస్తే తాగకుండా చెంబు పట్టుకునే కూర్చున్నాడు.

"మడుగుల జెల్లల్లేవు సారూ. వాలుగల్లేవు. ఇంగిలాయిలు, కొర్రమట్టలు, పాత మార్పులు, ఏమీ లేవు. నీ చాపలే ఉన్నయి. బలిసి ఉన్నయి."

"నీళ్లు రాగానే చెరువులోకి పోయుంటాయి కొమురెల్లీ."

"నీళ్లు రాకముందే చూసిన సారూ."

అతను వెళ్లాక అనసూయ పెరట్లోకి వెళ్లి తొట్టి ముందు నిలబడింది. నావైపు తిరగకుండానే, "మనింట్ల పిల్లి లేదు, కాకి లేదు. మీకు అప్పుడే తెలుసు గదా?" అని అడిగింది.

భయం వేసింది. ఇన్నాళ్లకు ఆ మాట రాస్తున్నాను: భయం వేసింది.

3 జులై

పుస్తకం తెరిచాను. కోణం తిరిగిన తల ఎముక. దువ్వెన పళ్లు. పాలరాతి మరకలు. నవంబరులో నేను గీసుకున్న బొమ్మను పక్కన పెట్టాను. నా చెయ్యి ఎంత బాగా గీసిందో. ఎక్కడా తేడా లేదు. ఎప్పుడో ఎవరో పేరు పెట్టేశారు. అక్కడ చెరువుల్లో, నదుల్లో, బురద గుంటల్లో, అన్నిచోట్లా ఉండే మామూలు చేప.

పుస్తకం మూసి మళ్లీ తెరిచాను. మారలేదు.

4 జులై

రాజేశ్వర్ రావు గారి దగ్గరికి వెళ్లి వ్యాసం చింపేశానని చెప్పాను. "పోనీలే, సీసాలోని చేప ఎవ్వరినీ తినదు. ఇంకో జాతి చూసుకో" అన్నారు. మడుగు సంగతి ఆయనకు చెప్పలేకపోయాను.

తొట్టిలోదాన్ని చంపి సీసాలో పెట్టాను. పట్టుకుంటే చేతిలోంచి జారి, గచ్చు మీద మోచేతులతో పాకుతున్నట్టు తులసికోట దాకా పోయింది. అనసూయ లోపలికెళ్లి తలుపేసుకుంది.

23 జులై

వారం నుంచి ఒకటే ముసురు. కొమురెల్లికి చెప్పడానికి తుంగకుంట వెళ్లాను. ఇన్నాళ్లూ ఎందుకు వెళ్లలేదంటే, వాన. అది కూడా అబద్ధమే. మొహం చెల్లక.

నేను వెళ్లేసరికి చెరువు నిండి, మిగులు నీళ్లు మత్తడి మీంచి దుంకుతున్నాయి. చెరువు అంచుల దాకా నిండితే ఊరికి పండగే, కట్ట మీద జనం. తల్లీకొడుకులిద్దరూ మైసమ్మ గద్దె దగ్గర ఉన్నారు. అక్కడే చెప్పాను. పేరు తప్పన్నాను, జాతి తప్పన్నాను. సేటు తెచ్చిన ఆఫ్రికా చేప అన్నాను. ఎల్లస్వామిని నాలుగు మాటలు ఎక్కువే తిట్టాను.

కొమురెల్లి అంతా విన్నాడు.

"సేటు అమ్ముకునేటోడు సారూ, వాని యాపారం వానిది. నువ్వు రాకపోతే, చెర్వు వట్టిన్నాడు ఒక్కటి ఇడువకుంట పట్టి అమ్ముకుందుము. ఆన్నే ఖతమయ్యేది. మడుగుల వెట్టుమన్నది నువ్వే గదా."

నిజమే. వాళ్ల వలలు దాన్ని తుడిచిపెట్టేసేవి. వల పడని ఒకే ఒక్క చోట నేనే దాన్ని దాచిపెట్టించాను, ఈ చెరువు విత్తనమంతా దాని నోటి ముందు పెట్టి.

బక్కమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "తల్లికి అబద్ధం చూపిచ్చిన బిడ్డా, నీ నోటి మాట మీద" అంది. గద్దె మీది పసుపును కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

మత్తడి దగ్గరికి పరుగెత్తాను. వల అడ్డం కట్టమన్నాను. ఆ నీళ్లకు వల ఆగదన్నాడు కొమురెల్లి. కింద గడ్డిలో నల్లగా నిగనిగలాడుతూ అవి పోతున్నాయి. నీళ్లున్న చోట ఈదుతూ, లేని చోట పాకుతూ. తుంగకుంట నీళ్లు కింది చెరువుకు పోతాయి. దాని నీళ్లు దాని కిందిదానికి. ఆఖరికి ఆకేరు వాగు, డోర్నకల్ వైపు. రెండు రాళ్లు విసిరాను. ఒకదానికి తగిలింది. ఆగి, మళ్లీ కదిలి, పోయింది.

24 జులై

వాన ఆగలేదు.

6 ఆగస్టు

కాలేజీలో ఈ ఏడాది కూడా టెంపరరీయే. బాధ పడతాననుకున్నాను. పడలేదు.

తుంగకుంటకు కార్డు రాశాను. జవాబు లేదు. చౌరస్తాలో బక్కమ్మ గంప కనిపించడం లేదు.

17 సెప్టెంబరు

పొద్దున తలుపు తడితే తీశాను. ఎవరో కొత్త మనిషి. పేరు కట్టయ్యట, తుంగకుంటకు దిగువన మూడో ఊరట. భుజాన తడి గోనెసంచి, మొహం నిండా సంతోషం. సంచి విప్పి వాకిట్లో పెట్టాడు. జాన కాదు, మూర కంటే పొడుగు.

"పాణి సారంటే మీరేనా? మార్కెట్ల మీ పేరు చెప్పిండ్రు. మా చెర్వుల ఈసారి గివే వడ్డయి సారూ. ఒక్క దెబ్బకు వల నిండింది. మీకు చూపిచ్చి పోదామని తెచ్చిన."

"వేరే చేపలు పడలేదా? జెల్లలు?"

"జెల్లలా?" కాసేపు ఆలోచించాడు. "లేవు సారూ. అవేం చాపలు, చిన్నయి. గివైతే మంచిగ తూగుతయి."

దాన్ని ఏమంటారని అడిగాను, ఎందుకు అడిగానో.

"మీకెరుక లేదా?" అని నవ్వాడు. "తుంగకుంట చాప. మీరు వెట్టిన పేరే గద సారూ. వరంగల్ మార్కెట్ల గూడ గదే పేరు."

అనసూయ గడపలో నిలబడి వింటోంది. చేప తడి గోనె మీద నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ఉంచుకొమ్మన్నాడు. మేం చేపలు తినం అన్నాను. మళ్లీ మూటగట్టుకుని బస్సుకు వేళవుతోందని వెళ్లిపోయాడు. ధర బాగా పలుకుతోందట.